డిస్క్ ఇమేజ్ మార్చేటప్పుడు ఖాళీ డబ్బాలు మోయకుండా ఉండాలంటే

పోయిన వేసవిలో ఆఫీసులో ఒక పాత సర్వర్ మీదున్న వర్చువల్ మెషీన్‌ని (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) కొత్త సర్వర్‌లోకి మార్చాల్సి వచ్చింది. డిస్క్ సైజు 500 జీబీ, లోపలున్న అసలు సరుకు 40 జీబీకి మించదు. ఇలాంటి మెషీన్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్లో ఉంటుంది, దాన్నే డిస్క్ ఇమేజ్ అంటాం. ఆ రా ఫైల్‌ని (డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టే పెట్టే ఫార్మాట్) క్యూకౌ2లోకి (వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్ వాడే ఫార్మాట్) మార్చే కమాండ్ కొట్టేసి టీకి వెళ్లొచ్చా, పది శాతం దగ్గరే ఉంది. భోజనం చేసొచ్చినా అవలేదు. చివరికి సాయంత్రం అయ్యాక చూస్తే బయటికొచ్చిన ఫైలు 210 జీబీ! 40 జీబీ సరుకుకి 210 ఏంటి, మిగతా 170 ఎక్కడినుంచి వచ్చిందా అని తల పట్టుకుని కూర్చుని, ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదీ ఆ తర్వాత ఇంకో పది పదిహేను మెషీన్లు మార్చేటప్పుడు నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట: కమాండ్లు కూడా పలికినట్టే తెలుగులో రాస్తున్నా. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. ఎక్కడైనా పెద్దక్షరం కావాలంటే అక్కడే చెప్తాను, చెప్పకపోతే చిన్నక్షరమే. ఈ పనిలో చిన్నక్షరానికీ పెద్దక్షరానికీ తేడా చాలా ఉంది కాబట్టి జాగ్రత్త.

ఖాళీ అంటే మూడు రకాలు

ఇది అర్థమైతే మిగతాదంతా తేలికే. ఇల్లు మారుతున్నారనుకోండి. వంటింట్లో డబ్బాలున్నాయి. కొన్నిటి మూత మీద "ఖాళీ" అని చీటీ అంటించి ఉంది, సామాన్లు ఎక్కించేవాడు వాటిని ముట్టుకోనక్కర్లేదు. కొన్నిటికి చీటీ లేదు, కానీ మూత తీసి చూస్తే లోపల ఏమీ లేదు. ఇవీ వదిలేయొచ్చు, కాకపోతే ఒక్కోటీ మూత తీసి చూసే పని పడుతుంది. మూడో రకం డబ్బాల నిండా పోయినేడాది పురుగు పట్టిన పిండి ఉంది. ఇంట్లోవాళ్ల లెక్కలో దాన్ని ఎప్పుడో పారేసినట్టే, కానీ ఆ సంగతి సామాన్లు మోసేవాడికి తెలీదు కదా, బంగారంలా లారీ ఎక్కిస్తాడు.

డిస్క్ ఇమేజ్‌లోనూ అంతే. మొదటిది హోల్, అంటే ఫైల్ సిస్టమ్ ఇక్కడ అసలేమీ రాయలేదని గుర్తుపెట్టుకున్న చోటు. స్పార్స్ ఫైల్ అంటున్నది ఇలాంటి హోల్స్ ఉన్న ఫైల్‌నే. కన్వర్ట్ చేసే టూల్ ఇక్కడ డేటా ఎక్కడుందని కెర్నల్‌ని అడుగుతుంది, హోల్ అని తెలిస్తే చదవకుండానే దాటేస్తుంది. రెండోది నిజంగా రాసిపెట్టిన సున్నాలు. వీటిని చదివి, అన్నీ సున్నాలే అని తేల్చుకుని, అప్పుడు వదిలేస్తుంది. అంటే బయటికొచ్చే ఫైలు చిన్నదే గానీ చదివే టైమ్ మాత్రం పూర్తిగా పడుతుంది. హార్డ్ డిస్క్ సెకనుకి 150 ఎంబీ చొప్పున చదివినా 500 జీబీకి దాదాపు గంట, అదే డిస్క్ మీదకి రాస్తుంటే ఇంకా ఎక్కువ. మూడోది డిలీట్ చేసిన ఫైళ్ల చెత్త. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కి అది ఖాళీ స్థలం, బయటున్న టూల్‌కి మాత్రం నిజమైన డేటా. నా 170 జీబీ ఇదే: ఎప్పుడో రోజూ తీసి, వారానికోసారి డిలీట్ చేసిన డేటాబేస్ బ్యాకప్‌లు.

కాబట్టి చేయాల్సింది రెండే రెండు. మూడో రకాన్ని కన్వర్ట్ చేయకముందే మొదటి రకంగానో, కనీసం రెండో రకంగానో మార్చాలి. ఆ తర్వాత దారి పొడుగునా ఆ హోల్స్ పోకుండా చూసుకోవాలి. రెండోది చాలామంది మర్చిపోతారు.

ముందు చూసుకోండి, తర్వాత కొట్టండి

ఎల్ఎస్ -ఎల్‌హెచ్ కొడితే ఫైలు పైకి కనిపించే సైజు చెప్తుంది, డీయూ -హెచ్ కొడితే డిస్క్ మీద నిజంగా ఎంత ఆక్రమించిందో చెప్తుంది. మొదటిది 500, రెండోది 500 అంటే మీ ఫైల్లో హోల్స్ లేవు. మొదటిది 500, రెండోది 60 అంటే హాయిగా ఉన్నట్టే. క్యూఈఎంయూతో వచ్చే ఇమేజ్ టూల్‌తో క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫో అని కొడితే, అది కూడా వర్చువల్ సైజు, డిస్క్ సైజు అని ఇవే రెండూ చూపిస్తుంది.

ఇంకాస్త లోతుగా చూడాలంటే క్యూఈఎంయూ-ఐఎంజీ మ్యాప్ --అవుట్‌పుట్=జేసన్ అని ఇచ్చి ఫైలు పేరు రాయండి. ఏ చోటు నుంచి ఎంత పొడవు డేటా, ఎంత సున్నా అని ముక్కలు ముక్కలుగా చెప్తుంది. డేటా ఫాల్స్, జీరో ట్రూ అని ఉన్న ముక్కలు చదవకుండా దాటేసేవి. మార్చాక ఎంత చోటు కావాలో ముందే తెలియాలంటే క్యూఈఎంయూ-ఐఎంజీ మెజర్ అనే కమాండ్ ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ చాలా పనికొస్తుంది. మెజర్ తర్వాత -ఓ క్యూకౌ2 (ఓ పెద్దక్షరం), ఆ తర్వాత ఫైలు పేరు. నేను ఆ రోజు దీన్ని ముందే కొట్టి ఉంటే 210 అన్న అంకె పొద్దున్నే కనపడేది, ఒక పూట మిగిలేది.

లోపల ఊడవడం

అసలు కష్టమంతా ఇక్కడే, లాభమూ ఇక్కడే.

లైనక్స్ మెషీన్ అయితే, అది నడుస్తుండగానే లోపలికి వెళ్లి సుడో ఎఫ్‌స్ట్రిమ్ -ఏవీ కొట్టండి. మౌంట్ అయి ఉన్న ప్రతి ఫైల్ సిస్టమ్‌లో వాడని బ్లాకులన్నీ "ఇవి నాకక్కర్లేదు" అని కింద డిస్క్‌కి చెప్పేస్తుంది (దీన్నే ట్రిమ్ అనీ డిస్కార్డ్ అనీ అంటారు), కింద ఉన్నది రా ఫైలైతే ఆ చోట్లలో హోల్స్ పడతాయి, క్యూకౌ2 అయితే ఆ క్లస్టర్లు (క్యూకౌ2 చోటుని లెక్కేసే ముక్కలు) ఖాళీ అవుతాయి. సున్నాలు రాసే పని లేదు కాబట్టి చాలా వేగంగా అయిపోతుంది.

కానీ ఇక్కడొక మెలిక ఉంది, నేను రెండు గంటలు దీని మీదే పోగొట్టుకున్నా. లోపల 300 జీబీ ట్రిమ్ అయిందని సంతోషంగా చెప్తుంది, బయట ఫైలు మాత్రం ఒక్క కేబీ కూడా తగ్గదు. ఎందుకంటే క్యూఈఎంయూలో డ్రైవ్‌కి డిస్కార్డ్ అన్న సెట్టింగ్ మామూలుగా ఇగ్నోర్ మీద ఉంటుంది. లోపలినుంచి వచ్చిన మాటని విని, సరే అని, పక్కన పడేస్తుంది. డ్రైవ్ సెట్టింగ్‌లో డిస్కార్డ్=అన్‌మ్యాప్ అని పెట్టాలి. మెషీన్లని నిర్వహించడానికి లిబ్‌వర్ట్ వాడుతుంటే ఎక్స్ఎమ్ఎల్‌లో డిస్క్ కింద డ్రైవర్ లైన్లో ఇదే మాట రాయాలి. రాశాక మెషీన్‌ని లోపలినుంచి రీబూట్ చేస్తే చాలదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి, లేకపోతే పాత సెట్టింగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. ఇంకోటి, ఈఎక్స్‌టీ4 (లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్) తాను ఒకసారి ట్రిమ్ చేసిన చోట్లని గుర్తుపెట్టుకుంటుంది, అందుకే వెంటనే రెండోసారి కొడితే దాదాపు సున్నా బైట్లు అంటుంది. సెట్టింగ్ పనిచేయలేదేమో అని టెన్షన్ పడకండి, మళ్లీ మౌంట్ అయితే ఆ గుర్తు పోతుంది. మెషీన్‌కి డిస్క్‌ని తగిలించే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి: డిస్క్ వర్ట్‌ఐఓ-స్కజీ మీద ఉంటే ట్రిమ్ ఎప్పటినుంచో పనిచేస్తుంది, వర్ట్‌ఐఓ-బ్లాక్ మీద అయితే క్యూఈఎంయూ 4.0, లోపల లైనక్స్ కెర్నల్ 5.0 లేదా ఆ పైవి ఉండాలి.

ట్రిమ్ కుదరని పాత మెషీన్లయితే సున్నాలు నింపడమే దారి. మెషీన్ ఆపేసి ఫైల్ సిస్టమ్‌ని అన్‌మౌంట్ చేసిగానీ, రీడ్-ఓన్లీగా పెట్టిగానీ జీరోఫ్రీ అనే చిన్న టూల్ నడిపితే ఈఎక్స్‌టీ ఫైల్ సిస్టమ్‌లో ఖాళీ బ్లాకుల్ని వెతికి, సున్నా కానివాటినే సున్నా చేస్తుంది. అదీ కుదరకపోతే పాత మొరటు పద్ధతి: డీడీ అనే కాపీ కమాండ్‌తో దేవ్ జీరో (సున్నాలే ఇస్తూ పోయే ఫైలు) నుంచి ఒక పెద్ద ఫైలు డిస్క్ నిండేదాకా రాసి, సింక్ కొట్టి, దాన్ని డిలీట్ చేయడం. ఇది చేసే ముందు హోస్ట్‌లో (ఈ మెషీన్లని నడిపే అసలు సర్వర్‌లో) చోటు చూసుకోండి. లోపల 460 జీబీ సున్నాలు రాస్తే బయట ఫైలు కూడా అంతవరకూ ఉబ్బొచ్చు, హోస్ట్ డిస్క్ నిండిపోతే దాని మీదున్న మిగతా మెషీన్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి. లోపల డేటాబేస్ నడుస్తుంటే అది కూడా చోటు లేదని ఏడుస్తుంది కాబట్టి సర్వీసులు ఆపి చేయండి.

విండోస్ మెషీన్లకైతే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌డిలీట్ టూల్‌ని -జడ్ తో నడిపితే ఖాళీ చోటంతా సున్నాలవుతుంది. ట్రిమ్ అందే డిస్క్ అయితే డ్రైవ్ ఆప్టిమైజ్ నొక్కితే చాలు. హైబర్నేట్ ఆపేస్తే ఆ పెద్ద ఫైలు కూడా పోతుంది, ఇది ముందు చేసి తర్వాత ఊడవండి.

ఎల్‌యూకేఎస్‌తో (లైనక్స్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ విషయంలో మాత్రం పై మొరటు పద్ధతి అస్సలు వాడకండి. లోపల మీరు రాసేది సున్నాలే, కానీ ఎన్‌క్రిప్ట్ అయి బయటికొచ్చేసరికి అవి గజిబిజి బైట్లు, అంటే అప్పటిదాకా హోల్‌గా ఉన్న చోటు కూడా నిండిపోతుంది, చేజేతులా పెంచుకున్నట్టు. అక్కడ ట్రిమ్ ఒక్కటే పనిచేస్తుంది, అది కూడా క్రిప్ట్‌ట్యాబ్ అనే సెట్టింగ్ ఫైల్లో డిస్కార్డ్ అని అనుమతిస్తేనే. దానివల్ల ఏ బ్లాకులు వాడుతున్నారో ఏవి ఖాళీయో బయటివాళ్లకి కనిపిస్తుంది, అది మీకు పర్లేదో కాదో మీరే తేల్చుకోవాలి.

మెషీన్ ఆపగలిగితే నాకు అన్నిటికన్నా నచ్చింది వర్ట్-స్పార్సిఫై. లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ అనే ప్రాజెక్టు టూల్స్‌లో ఒకటి. బయటినుంచే ఇమేజ్ తెరిచి, లోపలున్న ఫైల్ సిస్టమ్స్ గుర్తుపట్టి, ఖాళీ చోటుని ఊడ్చేస్తుంది. --ఇన్-ప్లేస్ అని ఇస్తే కాపీ తీయకుండా అదే ఫైల్లో చేస్తుంది, ఇవ్వకపోతే కొత్త కాపీ తయారుచేస్తుంది గానీ డిస్క్ వర్చువల్ సైజంత తాత్కాలిక చోటు అడగొచ్చు. మెషీన్ నడుస్తుండగా మాత్రం దీన్ని ముట్టుకోకండి, డిస్క్ పాడైపోతుంది.

ఇప్పుడు కన్వర్ట్

మెషీన్ ఆపాక:

క్యూఈఎంయూ-ఐఎంజీ కన్వర్ట్ -పి -ఎఫ్ రా -ఓ క్యూకౌ2 పాతది.ఐఎంజీ కొత్తది.క్యూకౌ2

ఇందులో ఓ ఒక్కటే పెద్దక్షరం. -పి అంటే ఎంత శాతం అయిందో చూపిస్తుంది. -ఎఫ్ ఇవ్వకపోయినా తనే కనిపెట్టుకుంటుంది గానీ రా ఫైల్ విషయంలో మీరే చెప్పడం క్షేమం. మెషీన్ నడుస్తుంటే లాక్ దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. -యూ (పెద్దక్షరం) పెడితే ఆ లాక్‌ని దాటేయొచ్చని ఎక్కడో చదివి దాన్ని వాడకండి, సగం పాతదీ సగం కొత్తదీ కలిసిన ఇమేజ్ వస్తుంది.

అంతే, ఇంకేం పెట్టక్కర్లేదు. సున్నాల్ని వెతికి వదిలేయడం దీని మామూలు అలవాటే. దాన్ని మార్చేది -ఎస్ (పెద్దక్షరం). వరసగా ఎన్ని బైట్లు సున్నాలుంటే ఖాళీ అని లెక్కేయాలో దీంతో చెప్తాం, ఏమీ చెప్పకపోతే 4 కేబీ. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది: -ఎస్ 0 అంటే "సున్నాలన్నీ తీసెయ్" అనుకుంటారు. సరిగ్గా దానికి వ్యతిరేకం! 0 ఇస్తే ఖాళీ కోసం వెతకడమే మానేసి మొత్తం 500 జీబీనీ నిండుగా రాసి పెడుతుంది. ఎక్కడినుంచో కాపీ కొట్టిన స్క్రిప్టుల్లో ఇది ఉందేమో ఒకసారి చూసుకోండి.

పెంచడం వల్ల లాభం ఉందా అంటే, బయటికొచ్చేది రా ఫైలై, అది హార్డ్ డిస్క్ మీద ఉండబోతుంటే ఉంది. 4 కేబీ హోల్స్ వేలకు వేలు పడితే ఫైలు ముక్కలు ముక్కలవుతుంది, 64 కేబీ దాకా పెంచితే కాస్త చోటు ఎక్కువ తిన్నా ఫైలు కుదురుగా ఉంటుంది. క్యూకౌ2లో అయితే ఎలాగూ క్లస్టరే కొలత. మామూలుగా 64 కేబీ. ఆ 64 కేబీలో ఒక్క బైటు డేటా ఉన్నా క్లస్టర్ మొత్తానికీ చోటు పడుతుంది. అందుకే క్లస్టర్ సైజు 2 ఎంబీకి పెంచితే వేగం వస్తుందని విని పెంచేవాళ్లు, ఫైలు కూడా లావవుతుందని తెలుసుకోవాలి.

-సి గురించి. ఖాళీ చోటు తగ్గుతుందని కంప్రెషన్ పెడతారు. ఖాళీ ఎలాగూ రాయడం లేదు కదా, దాన్ని నొక్కేదేముంది? -సి నొక్కేది అసలు డేటాని. మూడో రకం చెత్త ఉంటే దాన్ని కూడా శ్రద్ధగా నొక్కి పెడుతుంది, దానికి సీపీయూ, టైమ్ దండగ. ముందు ఊడ్చి, తర్వాత ఎక్కడికైనా పంపాలంటే అప్పుడు -సి పెట్టండి. క్యూఈఎంయూ 5.1 నుంచి జీస్టాండర్డ్ కంప్రెషన్ కూడా ఎంచుకోవచ్చు, మామూలు జీలిబ్ కన్నా చాలా వేగం.

ఇంటర్నల్ స్నాప్‌షాట్లు (ఫైలు లోపలే దాచుకున్న పాత స్థితులు) ఉన్న క్యూకౌ2ని మారిస్తే ఇప్పటి స్థితి ఒక్కటే వస్తుంది, పాత స్నాప్‌షాట్లు రావు. కొందరికి ఇదే లాభం, కొందరికి గుండె ఆగినంత పని.

నా ఆ 500 జీబీ మెషీన్‌ని ట్రిమ్ చేసి మళ్లీ కన్వర్ట్ చేస్తే 44 జీబీ వచ్చింది, టీ తాగి వచ్చేలోపే అయిపోయింది.

నేరుగా డిస్క్ మీదకో ఎల్‌వీఎం మీదకో రాస్తుంటే

కొత్త ఫైల్లోకి రాసేటప్పుడు సున్నాల్ని వదిలేస్తే సరిపోతుంది, కొత్త ఫైలు ఎలాగూ సున్నాగానే చదవబడుతుంది. నిజమైన డిస్క్ పార్టిషన్ మీదకో, ఎల్‌వీఎం (డిస్క్‌ని లాజికల్ వాల్యూమ్‌లుగా పంచే లైనక్స్ వ్యవస్థ) వాల్యూమ్ మీదకో రాసేటప్పుడు ఆ మాట నిజం కాదు, అక్కడ ఇంతకుముందు ఎవరిదో డేటా ఉండి ఉంటుంది. అందుకే టూల్ ముందు ఆ డిస్క్‌ని వేగంగా సున్నా చేయగలదా అని ప్రయత్నిస్తుంది, కుదరకపోతే సున్నాల్ని ఒక్కొక్కటిగా రాస్తూ పోతుంది. నెమ్మదిగా అవుతోందని మనం విసుక్కునేది ఇందుకే.

క్యూఈఎంయూ 5.0లో దీనికి --టార్గెట్-ఈజ్-జీరో వచ్చింది. దాన్ని -ఎన్ తో (గమ్యాన్ని కొత్తగా తయారుచేయొద్దని చెప్పేది) కలిపి ఇవ్వాలి. "గమ్యం ముందే సున్నాలతో ఉంది, నువ్వు సున్నాలు రాయక్కర్లేదు" అని మనం హామీ ఇస్తున్నట్టు. టూల్ దాన్ని చెక్ చేయదు, మన మాట నమ్ముతుంది. నేను ఒకసారి ఈ హామీ ఊరికే ఇచ్చేశా, కొత్తగా లాజికల్ వాల్యూమ్ చేశాను కదా ఖాళీగానే ఉంటుంది అనుకుని. మామూలు లాజికల్ వాల్యూమ్ చేసేటప్పుడు మొదటి 4 కేబీ మాత్రమే సున్నా చేస్తారు, మిగతాదంతా పాత చెత్తే. మెషీన్ బూట్ కూడా అయింది, పైగా రెండు రోజులు బాగానే నడిచింది, మూడో రోజు ఫైల్ సిస్టమ్‌ని తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే కొడితే పేజీలకు పేజీలు ఎర్రర్లు. తప్పు పూర్తిగా నాదే.

సరైన పద్ధతి: ముందు బ్లాక్‌డిస్కార్డ్ -జడ్ ఆ డివైస్ మీద నడపండి, అది సున్నాలు పెడుతుంది, డివైస్‌కి తనంతట తాను సున్నా చేసుకునే శక్తి ఉంటే త్వరగానే అయిపోతుంది. -జడ్ లేకుండా ఒట్టి డిస్కార్డ్ మీద ఆధారపడకండి, డిస్కార్డ్ చేసిన చోటు తర్వాత సున్నాగానే చదవబడుతుందని అన్ని ఎస్ఎస్‌డీలూ మాటివ్వవు. ఆ తర్వాత కన్వర్ట్‌కి -ఎన్, --టార్గెట్-ఈజ్-జీరో పెట్టండి. ఇలాంటి డివైస్‌ల మీదకి రాసేటప్పుడు -డబ్ల్యూ (పెద్దక్షరం) పెడితే వరస తప్పి రాయడానికి వీలిచ్చినట్టు, వేగం పెరుగుతుంది. ఫైళ్లలోకి రాసేటప్పుడు దాన్ని వదిలేయండి. థిన్ ఎల్‌వీఎం (రాసినప్పుడే చోటు తీసుకునే రకం) అయితే కొత్త వాల్యూమ్ మామూలుగా సున్నాగానే చదవబడుతుంది, బ్లాక్‌డిస్కార్డ్ అక్కర్లేదు.

దారిలో హోల్స్ పోగొట్టుకోవడం

ఇంత కష్టపడి 500 జీబీ రా ఫైల్ని 44కి తెచ్చి, ఎస్‌సీపీతో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు కాపీ చేసే కమాండ్) పంపితే అవతల మళ్లీ 500 నిండుగా దిగుతుంది. ఎస్‌సీపీకి హోల్స్ సంగతి తెలీదు, సున్నాలన్నీ వైర్ మీద పంపేస్తుంది. ఆర్‌సింక్‌కి -ఎస్ (పెద్దక్షరం) పెట్టండి, టార్‌కీ అదే అక్షరం, సీపీకి --స్పార్స్=ఆల్వేస్, డీడీకి కన్వ్=స్పార్స్. క్యూకౌ2 అయితే ఈ గొడవ చాలావరకు ఉండదు, ఖాళీ లెక్క ఫైలు లోపలే రాసి ఉంటుంది కాబట్టి ఎలా కాపీ చేసినా పోదు. అందుకే దూరం పంపాలంటే నేను రా ఫైల్ని ముట్టుకోను.

హోల్స్ ఎలాగోలా పోయి, ఫైలు నిండుగా వచ్చేసిందా? ఫాలోకేట్ --డిగ్-హోల్స్ కొడితే సున్నాలున్న చోట అక్కడికక్కడే హోల్స్ తవ్వేస్తుంది, కాపీ అక్కర్లేదు. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ మీద పనిచేస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ పెట్టిన పోర్టబుల్ హార్డ్ డిస్క్ మీదకి కాపీ చేస్తే మాత్రం ఏ ఫ్లాగూ కాపాడదు, ఆ ఫైల్ సిస్టమ్‌కి హోల్స్ అన్న ఊహే లేదు.

ఎస్‌డీ కార్డులకి ఇమేజ్ రాసేవాళ్లు డీడీ బదులు బీమ్యాప్‌టూల్ చూడండి. ఏ బ్లాకుల్లో డేటా ఉందో ఒక చిన్న ఫైల్లో రాసుకుని, వాటినే కార్డు మీద రాస్తుంది, చెక్‌సమ్ కూడా సరిచూస్తుంది. వర్చువల్‌బాక్స్ వాళ్లకి వీబాక్స్‌మేనేజ్ మోడిఫైమీడియం --కాంపాక్ట్ ఉంది, దానికీ లోపల ముందు సున్నాలు నింపి ఉండాలి. అజూర్‌కి (మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్) పంపేవాళ్లకి ఫిక్స్‌డ్ వీహెచ్‌డీ ఫార్మాట్ కావాలి, వర్చువల్ సైజు సరిగ్గా పూర్తి ఎంబీల్లో ఉండాలి, కన్వర్ట్‌లో సబ్‌ఫార్మాట్=ఫిక్స్‌డ్‌తో పాటు ఫోర్స్_సైజ్ కూడా పెట్టండి. ఫిక్స్‌డ్ అన్నారని మీ డిస్క్ నిండిపోతుందని భయపడకండి, మీ దగ్గర అది స్పార్స్ ఫైలుగానే ఉంటుంది.

పాతది చెరిపే ముందు

క్యూఈఎంయూ-ఐఎంజీ కంపేర్ -పి -ఎఫ్ రా -ఎఫ్ క్యూకౌ2 పాతది.ఐఎంజీ కొత్తది.క్యూకౌ2 అని కొట్టండి, మొదటి ఎఫ్ చిన్నది, రెండోది పెద్దది. హోల్ ఉన్న చోటూ, సున్నాలు రాసిన చోటూ రెండూ ఒకటే అని తనే లెక్కేసుకుంటుంది కాబట్టి సైజులు వేరుగా ఉన్నాయని గాబరా పడదు. రెండూ ఒకటే అని చెప్పిందా, కొత్తదాంతో మెషీన్ లేపి, ఒక రెండు రోజులు నడవనిచ్చి, అప్పుడు పాతది తీసేయండి. కంపేర్ చేసేలోపు పాతదాన్ని గానీ కొత్తదాన్ని గానీ ఒక్కసారి బూట్ చేసినా తేడాలు చూపిస్తుంది, అది కన్వర్షన్ తప్పు కాదు, లాగ్ ఫైళ్లు మారిపోయి ఉంటాయి.